పిడి కింది మాట

మార్చి 4

మావయ్యకు,

ఫోను చేస్తే నీకు వినపడదు. వినపడినా విననట్టు పెట్టేస్తావని నాన్న అనేవాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మనం మాట్లాడుకుని పదకొండేళ్ళయింది, క్షేమసమాచారాలు ఏ ఏడాది నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను ఇంకా ఆ పళ్ళ ల్యాబులోనే ఉన్నాను. ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది నేను చేసిన పళ్ళతోనే నములుతున్నారు. నాన్న పోయిన కబురు నీకు పంపాను, నువ్వు రాలేదు. ఎందుకు రాలేదని ఈ ఉత్తరంలో అడగను, భయపడకు.

అడగాల్సింది నాన్న గాలం కర్ర గురించి. అమ్మ నీతో చెప్పి నాన్న కోసం చేయించిన కర్ర. గాలం తీగ దూరే రింగుల్ని కర్రకి బిగించే దారం ఆకుపచ్చ, అంచుకి సన్నటి పసుపు గీత. ఆ రంగులు అమ్మే ఎంచింది. దారం ముక్కలు పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా కూర్చోవడం నాకు గుర్తుంది. కర్ర పూర్తయి మా ఇంటికి వచ్చేసరికి ఆవిడ లేదు. జనవరిలో నాన్న చెరువు గట్టున పడిపోయినప్పుడు అది ఆయన కిందే ఉంది. కొన రింగు విరిగింది, మరో మూడు రింగులు వంగాయి, దారం పీచులు లేచింది. కర్రకి మాత్రం దెబ్బ తగల్లేదు. దూది ఉండతో మొదలు నుంచి చివరిదాకా రుద్దాను. పగులుంటే దూది పట్టుకుంటుందని నాన్న చెప్పేవాడు. ఎక్కడా పట్టుకోలేదు.

ఇంకొకటి, పిడి. పట్టుకుని ఊపితే లోపల టక్కుమంటుంది. అది ఇప్పటిది కాదు, ఏళ్ళ నుంచీ ఉంది. "పిడి వదులైందమ్మా, మా బావే చూడాలి" అనేవాడు.

ఇక్కడి కొట్టతను కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, కొత్తది కొనుక్కోండి అన్నాడు. నాకు చేపలు పట్టడం రాదు, ఎరని ముట్టుకోవడమే రాదు. అయినా దీన్ని బాగుచేసి, నాన్న కూర్చునే చోట నిలబడి ఒక్కసారి నీళ్ళలోకి విసరాలని ఉంది. అప్పటిదాకా దాన్ని గోడకి ఆనించుకుని ఈ ఇంట్లో ఉండడం నావల్ల కావడం లేదు. నీకు పంపమంటావా, ఎలా చెయ్యాలో చెబుతావా?

నీ మేనకోడలు


మార్చి 13

పళ్ళ డాక్టరమ్మకి,

డాక్టరువి కాదని తెలుసులే. ల్యాబులో చేరిన కొత్తలో అలా అంటే కోప్పడేదానివని పిలిచాను. కవరు మీద రాత చూసి బోర్లా తిప్పి పెట్టాను. అచ్చం మీ అమ్మ చేతిరాత. ఈసారి రాస్తే పైన అడ్రసు ఇంకెవరి చేతనైనా రాయించు.

కర్ర నాకు పంపొద్దు. చెవులు లేతు మిషను ఎప్పుడో తినేసింది, ఇప్పుడు కళ్ళ వంతు. నువ్వే చెయ్యి. పంటికి పింగాణీ పూసే చేతికి ఇదొక పనా? ముందు పాత రింగులు ఊడదీయాలి. హెయిర్ డ్రయ్యరుతో దారం మీది పూత మెత్తబడేదాకా వేడి చెయ్యి. తర్వాత బ్లేడు పెట్టి కొయ్యి. ఎక్కడ కొయ్యాలో జాగ్రత్తగా విను. రింగుకి రెండు కాళ్ళుంటాయి కదా, ఆ ఇనప కాలి మీదే కొయ్యాలి. కర్ర మీద బ్లేడు ఆనిందంటే అక్కడ గీత పడుతుంది. ఆరు నెలలకో ఏడాదికో పెద్ద చేప లాగినప్పుడు సరిగ్గా ఆ గీత దగ్గరే ఫట్‌మంటుంది. దారం ఊడొచ్చాక మిగిలిన జిగురుని గోటితో లాగెయ్, స్పిరిట్ గుడ్డతో తుడువు. ఉప్పు కాగితం పెట్టి రుద్దకు.

కొత్త రింగులు కొన్నాక వాటి కాళ్ళ చివర్లు సన్నటి ఆకురాయితో పలచగా అరగదియ్యి. లేకపోతే దారం కాలి మీదకి ఎక్కేచోట మెట్టు తగిలి సందు పడుతుంది. పిడికి కాస్త పైన చిన్న తెల్ల చుక్క కనపడుతుంది. ప్రతి కర్రకీ వెన్ను ఒకటుంటుంది, వంచితే ఒక వైపుకే గట్టిగా నిలబడుతుంది. ఆ వైపు ఏదో నేను అప్పుడే చూసి పెట్టిన గుర్తు అది. రింగులన్నీ ఆ చుక్క వరసలోనే రావాలి.

పిడి జోలికి మాత్రం పోకు. అది వదులైతే వదులైంది. కెలికావంటే కర్ర చుట్టూ తొడిగిన కార్కు పొడిపొడిగా రాలిపోతుంది. మీ నాన్నకి ప్రతిదీ కెలకడం అలవాటు.

ఎందుకు రాలేదని అడగనన్నావు. మాట మీద ఉండు.

మావయ్య


మార్చి 24

మావయ్యకు,

రింగులు ఊడొచ్చాయి. తల ప్రాణం తోకకొచ్చింది కానీ కర్ర మీద ఒక్క గీత పడనివ్వలేదు. కాళ్ళు అరగదీశాను. దారం చుట్టడానికి ఎంత బిగువు కావాలో నువ్వు చెప్పలేదు. మా టీపాయి మీద లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ ఒకటి పడుంది, దాని పేజీల మధ్య నుంచి దారం పోనిచ్చి పైన ఇస్త్రీపెట్టె పెట్టాను. సరిపోయింది. ఒక రింగుకి రెండు గంటలు పట్టింది. పసుపు అంచు మూడుసార్లు విప్పి మూడుసార్లు చుట్టాను.

అక్కడిదాకా బాగానే ఉంది. పూత దగ్గర చెడింది. రెండు సీసాల్లో వచ్చే జిగురు కలిపి పూశాను, అయిదు రోజులైనా వేలికి అంటుకుంటోంది, బెల్లం పాకంలా. రెండో సీసాలోది, గట్టిపరిచేది, కాస్త ఎక్కువే వేశాను. మా ల్యాబులో పొడిలో ద్రావకం కలిపేటప్పుడు తొందరగా గట్టిపడాలంటే పొడి కాస్త ఎక్కువ వేస్తాం, ఆ అలవాటు.

నువ్వు ఉత్తరంలో రెండుసార్లు 'మీ నాన్న' అన్నట్టు అనిపించి మళ్ళీ చూశాను, ఒక్కసారే అన్నావు. ఆ ఒక్కటీ చాలు. ఆయన మాత్రం చివరిదాకా 'మా బావ' అనే అనేవాడు. నీ దగ్గరికి వచ్చిపోయే రోజుల కబుర్లన్నీ చెప్పేవాడు. నువ్వు ఏ కర్ర చేసినా కార్కు ఎక్కించే ముందు కర్ర మీద వెండి సిరాతో ఒక మాట రాస్తావని, అది కార్కు కింద దాగిపోతుందని, కర్ర విరిగితే తప్ప ఎవరూ చదవలేరని. పోస్టుమాస్టరు గారి కర్ర మీద 'ఈయన చెప్పే చేప పొడవులో సగం నమ్మండి' అని రాశావట కదా. అది చెప్పి నవ్వేవాడు. ఈ మధ్య ఆయన నవ్విన సందర్భాలు అవే.

అమ్మ పోయాక ఇంటికి వేళకి రావడం మానేశాడు. వీధి దీపాలు వెలిగి గంటయ్యాక వచ్చేవాడు. తలుపు దగ్గర బూట్లు విప్పి, చేపల సంచి పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, పడుకునేవాడు. జనవరిలో ఆ రోజు కూడా ఆలస్యం మామూలే కదా అని నేను అన్నం తిని టీవీ చూస్తూ కూర్చున్నాను. గట్టు మీద నడకకి వెళ్ళినవాళ్ళు వచ్చి చెప్పారు.

పిడి సంగతి మళ్ళీ అడుగుతున్నాను. కర్రంతా కొత్తగా చేసి పిడి టక్ టక్‌మంటుంటే ఎలా?

నీ మేనకోడలు


ఏప్రిల్ 2

పళ్ళ డాక్టరమ్మకి,

ఆ జిగురు ఇక గట్టిపడదు. నూరేళ్ళయినా అలాగే ఉంటుంది. దీనికి తొందర పెట్టడం ఉండదు, రెండూ సరిసమానం. రెండు సిరంజీలు కొను, ఒక్కో సీసాకి ఒక్కోటి, పొరపాటున కూడా మార్చకు. చెరో మూడు పాళ్ళు తీసి బుడగలు లేవకుండా నెమ్మదిగా రెండు నిమిషాలు కలిపి, రేకు మీద పలచగా పోసుకో. పాత పూత మీదే పూస్తే పట్టదు, ఆ దారం అంతా విప్పేసి మళ్ళీ చుట్టు. ఏడవకు. నేను మొదటి కర్రకి ఏడుసార్లు విప్పాను.

పూశాక కర్ర తిరుగుతూ ఉండాలి, లేకపోతే జిగురు ఒక వైపుకి కారి పొట్ట పడుతుంది. పాడైపోయిన మైక్రోవేవ్ ఎవరింట్లో ఉన్నా అందులో పళ్ళెం తిప్పే మోటారు ఊడదీయించు, నిమిషానికి ఆరు చుట్లు తిరుగుతుంది. ఒక వైపు దానికి బిగించి, రెండో వైపు అట్టపెట్టెలో V ఆకారంలో కోసిన సందులో పెట్టు. ఆరు గంటలు తిరగనివ్వు. బుడగ కనపడితే స్పిరిట్ దీపం దూరం నుంచి చూపించు, అదే పేలుతుంది.

పిడి విషయంలో మొండికేస్తున్నావు కాబట్టి చెబుతున్నా. విప్పొద్దు. కార్కుకి కిందొకటి పైనొకటి సన్నటి డ్రిల్లుతో చిల్లులు పెట్టి, సిరంజితో కింది చిల్లులోంచి అదే జిగురు లోపలికి ఎక్కించు. పై చిల్లులోంచి జిగురు బయటికి వచ్చేదాకా ఎక్కించు. లోపల ఖాళీ అంతా నిండిపోవాలి. ఒక రోజు నిలబెట్టి ఉంచు. ఇక జన్మలో కదలదు.

ఆయన నవ్వు గురించి, బూట్ల గురించి నాకు రాయకు. నా చెల్లెలు ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆ పెద్దమనిషి చెరువు గట్టున కూర్చుని గాలం వేశాడు. నేను రెండు బస్సులు మారి వచ్చేసరికి మంచం పక్కన నువ్వొక్కదానివే ఉన్నావు. చీకటి పడ్డాక వచ్చాడు, చేతిలో సంచితో. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీకేం తెలుసు? రాకపోవడానికి కారణం అదే. అడక్కుండానే చెప్పించుకున్నావు.

మావయ్య


ఏప్రిల్ 11

మావయ్యకు,

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. చిన్నపిల్లని కాదు. మంచం పక్కన ఉన్నదాన్ని నేను, నువ్వు కాదు. కాబట్టి నాకే తెలుసు.

నాన్న ఆ వారమంతా గుమ్మం దాటలేదు. అమ్మ దగ్గినప్పుడల్లా ఆయన మొహం చూసి ఆవిడ దగ్గు ఆపుకునేది, ఆపుకుంటే ఇంకా ఊపిరాడేది కాదు. ఆ రోజు పొద్దున్న ఆవిడే అంది, "నువ్విలా ఎదురుగా కూర్చుంటే నాకు దగ్గడానికి కూడా సిగ్గుగా ఉంది. పో, చెరువుకి పో. ఒక్క చేప తెచ్చి చూపించు" అని. ఆయన వెళ్ళనన్నాడు. పాత కర్ర ఆవిడే మంచం మీద నుంచి చెయ్యి చాచి తీసిచ్చింది. ఆయన వెళ్ళాక నాతో, "ఇప్పుడు కాస్త హాయిగా దగ్గుతాను" అని నవ్వింది. అంత తొందరగా అవుతుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. నీకు ఫోను చేశాను కానీ, చెరువుకి వెళ్ళి ఆయన్ని పిలుచుకురావడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడు. ఆవిడ చెయ్యి వదిలి నేను వెళ్ళలేకపోయాను.

ఇది నాన్న నీకు చెప్పలేదు. "నువ్వు చెప్పు నాన్నా" అంటే, "తనే పంపిందని చెప్పుకుని తప్పించుకోమంటావా?" అన్నాడు. నువ్వేమో అడగలేదు. ఆ రోజు గుమ్మంలో అందరి ముందూ ఆయన్ని నానా మాటలూ అని, వెళ్ళి బస్సెక్కావు. నువ్వు అడుగుతావని నేను చాలా రోజులు ఎదురుచూశాను మావయ్యా.

దారం మళ్ళీ చుట్టాను. మోటారు దొరికింది. పూత ఈసారి అద్దంలా వచ్చింది. సిరంజి కొన్నాను. ఈ ఆదివారం పిడికి చిల్లులు పెట్టి నువ్వు చెప్పినట్టే జిగురు ఎక్కిస్తాను. ఆ తర్వాత నీకు శ్రమ ఇవ్వను.

నీ మేనకోడలు


ఏప్రిల్ 19

అమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు తెలియదు. అడగలేదన్న మాట నిజమే.

కొన రింగు అంటించేటప్పుడు ఆ రెండు సీసాల జిగురు వాడకు. వేడి చేస్తే కరిగే జిగురుకడ్డీ వాడు, ఎప్పుడైనా విరిగితే మళ్ళీ వేడి చేసి తీసెయ్యవచ్చు.

ఆదివారం ఎప్పుడో అయిపోయింది, ఈపాటికి పిడి బిగించేసి ఉంటావు. మంచిదే.

మావయ్య


ఏప్రిల్ 27

మావయ్యకు,

బిగించలేదు. డ్రిల్లు పట్టుకుని ఆ కార్కుని భూతద్దం కింద పెట్టాను. పన్ను మీద అతుకు కనపడకుండా చెయ్యడమే నా పని కాబట్టి అతుకు ఎక్కడున్నా నా కళ్ళకి దొరుకుతుంది. కార్కు పొడుగునా, పైనుంచి కింది దాకా, వెంట్రుకంత గీత ఉంది. దానికి ఎదురుగా రెండో వైపు ఇంకోటి. గీతలో కార్కు పొడి, జిగురు కలిపి కూరి, నున్నగా రుద్దారు. ఎవరో ఈ పిడిని నిలువునా రెండు చెక్కలుగా కోసి, మళ్ళీ మూసేశారు.

పిడి అడుగున మూతలా ఉండే బిళ్ళ దగ్గర జిగురు రెండు రకాలుగా ఉంది. ఒకటి గాజులాంటిది, నీది. రెండోది పచ్చగా, ఇంట్లో చెప్పులు అంటించుకునే రకం. అది కూడా పైనా కిందా చుక్కలు చుక్కలుగానే పెట్టారు. మధ్యలో ఖాళీ ఉన్నట్టుంది. అందుకే టక్కుమంటోంది. తెలిసినవాళ్ళు ఎవరైనా అలా వదులుగా అంటిస్తారా? నువ్వే ఎప్పుడైనా విప్పావా? నాన్న ఈ కర్రని రెండుసార్లు నీకు పార్సెల్ చేశాడని నాకు తెలుసు. నేనే అట్టపెట్టె వెతికిచ్చాను.

నీ జవాబు వచ్చేదాకా ఆగుదామనుకుంటున్నాను. ఎంతకాలం ఆగగలనో చెప్పలేను.

నీ మేనకోడలు


మే 5

అమ్మా,

నేను విప్పలేదు. విప్పే ధైర్యం లేదు. ఇది చదివేదాకా నువ్వూ విప్పకు.

మీ అమ్మ పోయిన నెలకి ఆ కర్ర పూర్తి చేశాను. తను అడిగిన కడసారి పని కాబట్టి మానలేకపోయాను. కార్కు ఎక్కించే ముందు సిరా కలం పట్టుకున్నాను. కోపం చల్లారలేదు. 'చెల్లెలు పోతుంటే గట్టున కూర్చున్నవాడికి. ఈ కర్రకి ఒక్క చేపా పడకూడదు' అని రాశాను. నా రాత మీద జిగురు తగిలి పోకుండా రెండు వైపులా కాగితం టేపుతో గట్టు కట్టి మధ్యలో ఖాళీ వదలడం నా పద్ధతి. కార్కు మూసేసి, పార్సెల్ కట్టేసి, పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు.

రెండేళ్ళకి అది తిరిగొచ్చింది. 'రింగు కదిలింది, పిడి వదులైంది, కార్కు విప్పి చూడు బావా' అని చీటీ. నా బల్ల మీద తొమ్మిది రోజులు ఉంది. రింగు బాగుచేశాను. పిడి మీద చెయ్యి వేసినప్పుడల్లా నేను రాసింది నా కళ్ళ ముందుకొచ్చింది. విప్పితే అది మళ్ళీ చదవాలి, చెరిపెయ్యాలి, లేకపోతే మళ్ళీ మూసెయ్యాలి. మూడూ నా చేత కాలేదు. 'పిడి బాగానే ఉంది' అని అబద్ధం రాసి పంపేశాను. ఇంకో అయిదేళ్ళకి మళ్ళీ వచ్చింది. అప్పుడు పెట్టె కూడా విప్పలేదు. పోస్టువాడితోనే తిప్పి పంపాను.

నిన్ను జిగురు ఎక్కించమన్నది బిగువు కోసం కాదు. ఆ ఖాళీ నిండిపోతే ఇక దాన్ని ఎవరూ చదవలేరని. ఆ కర్ర పట్టుకునే మనిషి పోయాడని కబురు వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నేను రాసిన మాటే. అందుకే రాలేదు. మొహం చెల్లలేదు. మొదట చెప్పిన కారణం పైకి చెప్పుకునేది.

మధ్యలో ఎవరో పరాయివాడు విప్పాడంటే అది చదివే ఉంటాడు. నా బతుక్కి అదొక సిగ్గు. ఒక్క సంగతి చెప్పు. ఆ కర్రకి చేపలు పడ్డాయా?

మావయ్య


మే 6

మావయ్యకు,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేక నిన్న విప్పేశాను. డ్రయ్యరు వేడికే ఆ చుక్కల జిగురు కరిగి రెండు చెక్కలూ చేతిలోకి వచ్చేశాయి. ఎవరో విప్పడానికి వీలుగానే అంటించినట్టు.

పైన నీ వెండి సిరా ఉంది. దాన్ని ఇక్కడ మళ్ళీ రాయను, నీకు గుర్తుండే ఉంటుంది. నాకు కోపం రావాలి, వస్తుందేమో తర్వాత. దాని కింద ఇంకో రాత ఉంది. తెల్ల రంగుతో, వంకరటింకరగా. నాన్న అక్షరాలు. కర్రని తిప్పుకుంటూ చదవాలి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

'చదివాను బావా. నువ్వన్న దానికి నేను తగినవాణ్ణే. పిడి కింద తనొక మాట రాయించానని నాతో అంది. నువ్వు చదువుకోలేవులే అని నవ్వింది. దాని కోసమే విప్పాను. అది ఇక్కడ లేదు. అదేమిటో చెప్పు చాలు. పిడి వదులైందని నీకు పంపుతున్నాను.'

కింద తేదీ ఉంది, తొమ్మిదేళ్ళ కిందటిది. దాని కింద ఇంకో సిరాతో, ఇంకో తేదీతో, ఒకే వరస:

'మళ్ళీ పంపుతున్నాను.'

దాని కింద రెండు వేళ్ళ వెడల్పు జాగా ఖాళీగా ఉంది. మావయ్యా, పిడి వదులవలేదు. ఆయనే వదులు చేశాడు. నువ్వు విప్పుతావని.

నీ మేనకోడలు


మే 14

మావయ్యకు,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. నీది చదివాను.

చేపలు పడ్డాయి. వారానికి రెండు రోజులైనా సంచి నిండేది. నీ మాట ఏ పనీ చెయ్యలేదు. ఆయన్ని చంపింది గుండె, నీ సిరా కాదు. ఆ భయం నీకుంటే తీసెయ్.

కానీ నేను నిన్ను ఇప్పుడు రమ్మనలేను. తొమ్మిది రోజులు నీ బల్ల మీద ఉందన్నావు. తిట్టినందుకు ఆయన ఏమీ అనుకోలేదు, నా ఉత్తరంలో చదివే ఉంటావు. ఒక్క మాట అడిగాడు. అమ్మ ఏం రాయమందో తెలుసుకోవాలని తొమ్మిదేళ్ళు ఆ టక్ టక్ చేతిలో పట్టుకుని తిరిగాడు. దాన్ని మాత్రం నేను దాటలేకపోతున్నాను.

అమ్మ నిజంగా ఒక మాట రాయమందా? నువ్వు ఈ ఉత్తరంలోనూ దాని ఊసెత్తలేదు. నాన్న అడిగిందే నేను అడుగుతున్నాను. నీకు ఇంకో పార్సెల్ పంపను. చెప్పు.

నీ మేనకోడలు


మే 23

అమ్మా,

అంది. పోవడానికి మూడు వారాల ముందు నాకు కార్డు రాసింది. ఆ కార్డు నా దగ్గరే ఉంది, పనిబల్ల సొరుగులో కార్కు బిళ్ళల డబ్బా అడుగున. దారం రంగులు రాసి, ఆకుపచ్చ మరీ ముదురు కాకూడదని చెప్పి, చివర రాసింది, 'అన్నయ్యా, పిడి కింద నువ్వు వెటకారాలేవీ రాయొద్దు. నేను చెప్పింది రాయి. ఆయనకి చెప్పకు.'

ఆ మాట ఇది: 'చేప పడకపోయినా సరే, చీకటి పడేలోపు ఇంటికి రా.'

ఆ రోజు సంచి పట్టుకుని చీకట్లో వచ్చిన మనిషి కర్ర మీద ఈ మాట నేనెలా రాసేది? అప్పుడు అలా అనుకున్నాను. రాసి ఉంటే చదివేవాడు. చదివి ఉంటే, ఆ తర్వాతైనా దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేవాడేమో. నువ్వు రాశావు చూడు, ఆలస్యం మామూలే కదా అని అన్నం తిన్నానని. అది చదివిన రోజు నుంచి ఇదే ఆలోచన. నా తిట్టు ఏ పనీ చెయ్యలేదన్నావు. నేను రాయకుండా ఆపిన మాట చేసింది, అది నాకు తెలుసు.

నన్ను రమ్మనకు, నేనూ వస్తానని అడగను. బావ వదిలిన ఆ రెండు వేళ్ళ జాగాలో ఇది నువ్వు రాయి. నీ చేతిరాత మీ అమ్మదే కాబట్టి తనే రాసినట్టుంటుంది. పైన నేను రాసింది చెరపకు. అది అక్కడ ఉండాలి. సిరా పూర్తిగా ఆరాక పలచగా ఒక పూత వెయ్యి, సరిసమానం కొలుచుకో. రాత మీద జిగురు తగలకుండా రెండు వైపులా కాగితం టేపు నాలుగు చుట్లు చుట్టి, గట్ల మీద మాత్రమే జిగురు పూసి, కార్కు చెక్కలు మూసెయ్. రబ్బరు పట్టీలతో బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచు. ఈసారి టక్కుమనకూడదు.

గట్టుకి వెళ్ళినప్పుడు పొద్దున్నే వెళ్ళు. రాసేశాక నాకొక కార్డు ముక్క పడెయ్, ఆ మాట అక్కడ ఉందని.

మావయ్య